పటాలం మేడ మీద రెండు రిపోర్టులు

1976 మే 10, సోమవారం

పటాలం మేడ పని అయిపోయింది. నలభై నిమిషాలు పట్టింది. ఎండ మాడ్చేస్తోంది — గుణదల కొండ రాళ్ల మీంచి వచ్చే సెగకు గొడుగు కూడా అడ్డం కాదు. ఉలి పెట్టి గోడను నాలుగు చోట్ల గీకి చూశాను. గీకిన చోటల్లా గుప్పెడు గుప్పెడు రాలింది. నల్లగా, పొడిగా. ఇంకేం చూడాలి? రాసేశాను. గోడలు శిథిలం. పునాది నైరుతి మూల కుంగింది. పైకప్పు ప్రమాదకరం. మరమ్మతుకు లాయకు కాదు. కూల్చివేతకు సిఫారసు.

పునాది మాట నాది కాదు. నాకు ముందున్న సూపర్‌వైజర్ ఏడేళ్ల కిందట రాసి పెట్టిన ఫైల్లోది. కప్పు మాట నాదే. మెట్ల గదికి తాళం వేసి ఉంది. తాళంచెవి కాపలా హవల్దారు దగ్గర. అతను బజారుకు వెళ్లాడట. ఆ ఎండలో ఎంతసేపని నిలబడను?

సాయంత్రం మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, ఇ.ఇ. గారి బల్ల మీద పెట్టాను. చదవలేదు, పేజీలు తిప్పారు. "నీ పని శుభ్రంగా ఉంటుందయ్యా సుబ్బారావ్." పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఆ మాట వినడం ఇది మూడోసారి. ప్రమోషన్ లిస్టు జూలైలో వస్తుందని కూడా అన్నారు. కిటికీ వైపు చూస్తూ అన్నారు.

మే 11

గోళ్లలో నలుపు పోవడం లేదు. సబ్బుతో రుద్దాను, కుంకుడు పులుసుతో రుద్దాను. కామేశ్వరి చూసి — "ఏ గోడ గీకారో గాని, పొయ్యిమసి వాసనొస్తోంది. ఆ చేత్తో జాడీల దగ్గరికి రాకండి." ఆవకాయ రోజులు. ఈ వారం ఇంట్లో ఆవిడ ముందు నేను నౌకరునే.

సున్నం గోడ రాలితే తెల్లగా కదా రాలాలి... అని ఒక్క క్షణం అనిపించింది. అనిపించిందంతే.

మే 15, శనివారం

హవల్దారు ఇంటికే వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. నిటారుగా ఉన్నాడు. ఖాకీ చొక్కా వెలిసిపోయింది, ఇస్త్రీ మడత మాత్రం చెక్కు చెదరలేదు. పేరు నాగేశు. బందరు దగ్గర చేపల వేట మీద బతికే ఇల్లు. పదిహేడో ఏట వల వదిలేసి పటాలంలో చేరాడు. యుద్ధం రోజుల్లో ఆ మేడలో నడిచిన మిలిటరీ అకాడమీలో కుర్ర ఆఫీసర్లకు కవాతు నేర్పింది ఇతనే. మిలిటరీ వాళ్లు వెళ్లిపోయాక మేడకు కాపలాగా ఉండిపోయాడు. ఇదంతా నేను అడిగితే చెప్పాడు. చెప్పడానికి వచ్చింది ఇది కాదు.

కుర్చీ చూపించాను. కూర్చోలేదు.

"అకాడమీ కూల్చేత్తారంటండి. రాసింది తమరేనంట గదా."

"రాశాను. పాతబడిపోయింది హవల్దారూ. రేపు ఎవరి నెత్తిన పడినా..."

"తమరు పైకెక్కి చూశారాండి?"

పక్కనున్న పేపరు తీసి మడతపెట్టాను.

"తాళంచెవి నా మొలతాడుకే ఉంటదండి. అందుకని అడిగాను."

గొంతు పెంచలేదు. నిష్ఠూరం ఆడలేదు. నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. నాకే కోపం వచ్చింది. మజ్జిగలో ఉప్పు ఎక్కువైందని కామేశ్వరి మీద అరిచాను. ఎక్కువ కాలేదు.

మే 18

వేలం నోటీసు టైపవుతోంది. జూన్ 21, పదకొండు గంటలకు, మేడ దగ్గరే. దూలాలు, తలుపులు, రాయి, ఇటుక — ఎక్కువ పాడినవాళ్లు కూల్చి పట్టుకుపోవచ్చు. ఖాళీ అయిన చోట గిడ్డంగులు కడతారట.

ఒక కాంట్రాక్టరు అప్పుడే రెండుసార్లు వచ్చి ఇ.ఇ. గారి గదిలో కూర్చుని వెళ్లాడు. వరండాలో నన్ను చూసి చేతులు జోడించి, "అంతా మీ చలవ సుబ్బారావు గారూ" అన్నాడు. నా చలవేమిటో అర్థం కాలేదు. తర్వాత హెడ్ క్లర్కు చెప్పాడు. ఆ దూలాలు బర్మా టేకు. ఇప్పుడు అలాంటి కర్ర ఎక్కడా దొరకదు.

పుచ్చిన మేడలో పుచ్చని కర్ర ఎక్కడినుంచి వచ్చింది?

మే 20

నిద్ర సరిగా లేదు. ఎండల వల్లే అనుకుందాం.

మే 23, ఆదివారం

మస్తాన్ మేస్త్రిని వెంటబెట్టుకుని మేడకు వెళ్లాను. మా డివిజన్లో సున్నం పని తెలిసిన తాపీ మేస్త్రి ఇతనొక్కడే మిగిలాడు, మిగతా వాళ్లందరికీ సిమెంటే లోకం. "ఊరికే ఒకసారి చూసొద్దాం రా" అన్నాను. ఎందుకో చెప్పలేదు. హవల్దారు దూరంగా గన్నేరు చెట్టు కింద నిలబడ్డాడు. దగ్గరికి రాలేదు.

నేను గీకిన చోటు చూసి మస్తాన్ ముసిముసిగా నవ్వాడు.

"ఎవరు సార్ గీకింది?"

నేనే అన్నాను. నవ్వు ఆపేశాడు. బావి దగ్గరికి వెళ్లి బకెట్టుడు నీళ్లు తెచ్చి గోడ మీద కొట్టాడు. కొబ్బరిపీచుతో నెమ్మదిగా, పిల్లాడికి వీపు రుద్దినట్టు, రుద్దడం మొదలుపెట్టాడు. నల్లటి నీళ్లు కారాయి. ఇంకో బకెట్టు కొట్టాడు. ఇంకొకటి. నాలుగో బకెట్టుకు గోడ బయటపడింది. తెల్లగా, నున్నగా. చెయ్యి పెడితే చల్లగా ఉంది — మే నెలలో, పడమటి గోడ.

"ఇది గోడ కాదు సార్. గోడకేసిన ముసుగు."

యుద్ధంలో విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు పడ్డప్పుడు, పైనుంచి చూసేవాడికి ఈ తెల్ల మేడ కనపడకూడదని బంకమట్టి, పేడ, మసి, తుమ్మబంక కలిపి చుట్టూ పూయించారట.

"నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ఈ వైపంతా నా చేత్తోనే పూశా. గుల్ల సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు పోసి మా నాయన నెలరోజులు మెరుగు పట్టిన గోడ సార్ ఇది. దాని మీద పేడ పూస్తా ఉంటే ఏడుపొచ్చింది. యుద్ధం అయిపోయినాక కడిగేస్తామన్నారు. ఎవరూ కడగలా."

నేను గీకింది పేడ. గీకి, గోడ చచ్చిపోయిందని రాసి, కింద సంతకం పెట్టాను. మూడు కాపీలు.

సిగ్గేసింది. ఇంతకంటే రాయడం చేతకావడం లేదు.

మే 24

ఆఫీసులో ఆ ఫైలు కనబడితే తల తిప్పుకుంటున్నాను. రాలిన మట్టి ఏమిటో ఇన్నేళ్లలో ఎవరికీ తెలియకపోవడం చిత్రమేమీ కాదు. నాకు ముందతను చూసీ చూడకుండా రాశాడు. నేను అతను రాసింది చూసి రాశాను. రేపు నా తర్వాతివాడు... రేపు వాడికి మేడే ఉండదు.

మే 30, ఆదివారం

ఈసారి రసమట్టం పట్టుకుని వెళ్లాను. తాళంచెవి అడిగాను. హవల్దారు మొలతాడు నుంచి విప్పి చేతిలో పెట్టాడు.

పైకెక్కాను. టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నం పోసిన పాతకాలం కప్పు. మస్తాన్ కర్రతో కొట్టుకుంటూ నడిచాడు, నేను వింటూ వెనకాల నడిచాను. అంతటా కణకణమంటోంది. ఒక్క తూర్పు మూల మాత్రం బొదబొదమంది — వాననీటి గొట్టం విరిగి ఆ నీళ్లు అక్కడే దిగుతున్నాయి. రెండు దూలాలు మార్చాలి. అంతే. నేను రాసిన 'ప్రమాదకరం' అదొక్కటే.

కిందికి దిగాక హవల్దారు, "ఒక గది తమరు చూడలేదండి" అన్నాడు.

అది మేడకు సరిగ్గా నైరుతి మూల. తలుపు తీస్తే... కాసేపు అర్థం కాలేదు. నేల మీద డెల్టా ఉంది. సున్నం, ఇటుకపొడి కలిపి గదినిండా పోసిన నమూనా. ఈ మూల కొండలు, మధ్యలో పాత ఆనకట్ట, అటు ఏలూరు కాలువ, ఇటు బందరు కాలువ, అవతల గుంటూరు వైపు కాలువలు వేలు పట్టేంత వెడల్పున, దివి దగ్గర నది చీలిక, ఆ చివర గోడవారన సముద్రం. కుర్రాళ్లకు మ్యాపు చదవడం దీని మీద నేర్పేవారట. ఎక్కడ దాటాలి, ఎక్కడ దాగాలి, వరదొస్తే ఎటు పోవాలి.

ఆయన చెంబుతో నీళ్లు తెచ్చి ఆనకట్ట దగ్గర పోశారు. నీళ్లు రెండు పాయలై, నాలుగై, పదై... మెల్లగా పాకి, సముద్రం చేరి, గోడ కింద కంతలోంచి బయటికి పోయాయి. ఎక్కడా నిలవలేదు. ఒక్క వైపుకీ ఒరగలేదు. మూడుసార్లు పోయించాను. రసమట్టం పెట్టి చూశాను. బుడగ నడిమధ్యన నిలబడింది.

ముప్పైమూడేళ్ల కిందట పోసిన నేల. ఇది ఒక వెంట్రుకవాసి కుంగినా నీళ్లు గుంటూరు వైపు మడుగు కట్టేవి. పునాది కుంగిందని ఏడేళ్ల కింద ఒకడు రాశాడు, ఇప్పుడు నేను రాశాను. ఈ గది తలుపు ఇద్దరం తియ్యలేదు.

గిలకలదిండి దగ్గర పాయ సముద్రంలో కలిసే మొగ చూపించి హవల్దారు గారు అన్నారు — "ఇది ముందు తప్పుగా పోశారండి. అకాడమీ నడిపే ఇంగ్లీషు దొర మ్యాపులో అట్లాగే ఉంది. అది మా ఊరి మొగండి, నేను పడవేసుకు తిరిగింది, అట్టా ఉండదు దొరా అన్నాను. నవ్వాడు. తర్వాత నన్నెంటబెట్టుకెళ్లి కళ్లారా చూసుకున్నాడు. తెల్లారి మేస్త్రీని పిలిచి పగలగొట్టించి మళ్లీ పోయించాడండి. కుర్రోళ్లందర్నీ నిలబెట్టి, ఈ తప్పు నాది అని చెప్పాడు."

నన్ను ఉద్దేశించి అన్నది కాదు. తగిలింది నాకే.

జూన్ 1

రెండో రిపోర్టు రాస్తున్నాను. గోడలు దృఢం. పునాది చెక్కుచెదరలేదు. కప్పు ఒక మూల మరమ్మతు చాలు. భవనం చరిత్ర కూడా రాశాను — జమీందారు కట్టించిన విడిది, యుద్ధంలో మిలిటరీ అకాడమీ, తర్వాత రేషను బియ్యం గోదాము, కొన్నాళ్లు బడి, ఏడేళ్లుగా ఖాళీ. నమూనా గది గురించి ఒక పేజీ. ఇంత ఇష్టంగా రిపోర్టు రాయడం నాకిదే మొదలు.

జూన్ 3

రాయడం సులువే. ఇవ్వడం ఎలా?

పక్క సెక్షన్లో సత్యనారాయణను కిందటి నెల ఇంటికి పంపేశారు. నిర్బంధ రిటైర్మెంటు. కారణం రాయక్కర్లేదు, ఈ ఎమర్జెన్సీలో ఎవరూ అడగరు. ఒక ఉదయం కాగితం వచ్చింది, మధ్యాహ్నానికి కుర్చీ ఖాళీ. అతను చేసింది నేను చేసినదాంట్లో సగం కూడా లేదు. నాది తప్పుడు సర్టిఫికెట్. చూడకుండా చూశానని రాసి సంతకం పెట్టడం.

కామేశ్వరికి చెప్పాను. ఆవిడ మాగాయ ముక్కలు ఎండలోంచి తీస్తోంది. "రాసింది మీరేగా, దిద్దండి" అంది. అంత తేలిక కాదన్నాను. "అయితే దిద్దకండి. ఏదో ఒకటి చెయ్యండి గాని, మొహం మాడ్చుకుని ఇంట్లో తిరక్కండి." నాకు వంటింట్లోంచి సానుభూతి ఎప్పుడూ ఈ రూపంలోనే వస్తుంది.

జూన్ 7, సోమవారం

ఇచ్చాను. ఇ.ఇ. గారు ఈసారి చదివారు. ప్రతి పేజీ చదివారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఎండదెబ్బేమన్నా తగిలిందా?"

లేదండీ అన్నాను.

"మే పదిన ఇచ్చినదాని మీద సంతకం నీదే. దీని మీదా నీదే. రెంట్లో అబద్ధం ఏదో అది కూడా నీ చేత్తో రాసియ్యి. మొదటిది చూడకుండా రాశానని రాయి. అప్పుడు చూద్దాం."

పెన్ను తీయబోయి మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

"నేను పంపననట్లేదు. నీకు పిల్లలున్నారు, అందుకని ఆలోచించుకోమంటున్నా." రిపోర్టు నా చేతికే తిరిగిచ్చారు. మర్యాదగా. ఆయన కేకలేసి ఉంటే బాగుండేది.

జూన్ 8

రాయలేదు.

జూన్ 9

రాయలేదు. హవల్దారు గారు ఆఫీసు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. లోపలికి రానిచ్చి ఉండరు. కొత్త రిపోర్టు పైకి వెళ్లిందా అని నన్ను చూసి కళ్లతోనే అడిగారు.

"పంపించానండి" అన్నాను.

ఎందుకన్నాను? ఆలోచించి అన్నది కాదు. నోట్లోంచి వచ్చేసింది. ఆయన ముఖం... ఇన్నాళ్లకు మొదటిసారి నవ్వారు. మడమలు దగ్గరికి తెచ్చి సెల్యూట్ కొట్టారు, నలుగురూ చూస్తుండగా. అటెండర్లు నవ్వారు.

ఇవాళే రాసి ఇచ్చేస్తే ఈ అబద్ధం నిజమైపోతుంది. రేపు తప్పకుండా.

జూన్ 10

ఇ.ఇ. గారు క్యాంపు.

జూన్ 11

ఉన్నారు. నేనే వెళ్లలేదు.

జూన్ 14, సోమవారం

కాలువకు నీళ్లు వదిలారు. రెండు నెలలు పాచి వాసన కొట్టిన ఏలూరు కాలువ ఇవాళ ఎర్రగా, ఒడ్డు ఒరుసుకుంటూ. సైకిలు అటు పోనిచ్చాను. పోకుండా ఉండాల్సింది.

హవల్దారు గారు నిచ్చెన వేసుకుని మేడ ముందు గోడ కడుగుతున్నారు. బావి దగ్గర్నుంచి కావిడితో నీళ్లు మోసుకుని, ఒక్కరే. కొబ్బరిపీచుతో రుద్ది రుద్ది వేళ్లు చితికిపోయాయి, గుడ్డపేలికలు చుట్టుకున్నారు. ముందువైపు సగం మేడ తెల్లగా అయింది. దారినపోయేవాళ్లు సైకిళ్లు దిగి చూస్తున్నారు. ఈ మేడ తెల్లదా అని ఒకావిడ నన్నే అడిగింది.

"పెద్దాఫీసర్లు చూడ్డానికొత్తారు గదండి, మీ రిపోర్టు చూసుకుని. అప్పటికి మొహమన్నా తెల్లగుండాలని."

నిచ్చెన కాసేపు పట్టుకున్నాను. ఆయన వద్దన్నారు.

జూన్ 17

మస్తాన్ చెప్పాడు.

ఆ మేడలో నేర్చుకున్న కుర్రాడొకడు ఇప్పుడు ఉత్తరాదిన ఎక్కడో కల్నల్. హవల్దారు గారు రాయించిన ఉత్తరానికి జవాబిచ్చాడు — అకాడమీని కాపాడమని కలెక్టరుకు విన్నపం, సంతకంతో సహా. దాన్ని పట్టుకుని హవల్దారు గారు ఈ నెల పదో తారీకున బందరు వెళ్లి కలెక్టరు గారికి ఇవ్వాలనుకున్నారట. తొమ్మిదిన నేను పంపించానన్నాను. మానుకున్నారు.

"ఆయనే పంపాక మనం పైకి పోతే ఆయన మీద చాడీ చెప్పినట్టుంటది, పాపం మంచోడు అన్నాడు సార్" అని మస్తాన్ అన్నాడు.

మంచోడు.

జూన్ 19, శనివారం

రాశాను. 'మే పదవ తేదీన నేను ఇచ్చిన రిపోర్టులో పైకప్పు చూడకుండా, పునాది పరీక్షించకుండా, గోడల మీది మట్టిపూతను గోడలుగా పొరబడి రాసితిని.' ఇరవై నిమిషాలు పట్టింది. నలభై రోజులు మోసిన బరువు ఇరవై నిమిషాల పని.

ఇ.ఇ. గారు చదివి మడిచారు. నేను మళ్లీ ఇచ్చిన రెండో రిపోర్టుతో కలిపి సొరుగులో పెట్టి తాళం వేశారు.

"పైకి పంపుతారా అండీ?"

"నాకింకా ఎనిమిది నెలల సర్వీసుందయ్యా. నీ మొదటి రిపోర్టు సరిగ్గా ఉందని దాని మీద నేనూ సంతకం పెట్టాను. నిన్ను కాపాడుతున్నాననుకో. నన్ను కాపాడుకుంటున్నాననుకో. వేలం కానీ."

ఆయన ముఖంలో దుర్మార్గం కనబడలేదు. భయం కనబడింది. నాకు బాగా తెలిసిన భయం.

జూన్ 21, సోమవారం

వేలం అయిపోయింది. నలుగురొచ్చారు. నాకు చేతులు జోడించిన కాంట్రాక్టరుదే పైపాట. సగం తెల్లబడిన గోడ చూసి అతను, "శవానికి స్నానం చేయించారే" అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు.

హవల్దారు గారు నావైపు చూస్తూనే ఉన్నారు. ఇప్పుడు ఆపుతాడు, ఇప్పుడు ఆపుతాడు అన్నట్టు. నేను పాటల కాగితం నింపుతున్నాను. అది నా డ్యూటీ.

పై ఆఫీసు ఖాయం చేసేదాకా కూల్చడానికి లేదు. రెండు మూడు వారాలు పట్టవచ్చు. మిగిలిన వ్యవధి అది.

జూన్ 22

వెళ్లి చెప్పాను. ఆయన నమూనా గది ఊడుస్తున్నారు. గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాను. తొమ్మిదిన పంపలేదని. పంపించానని అబద్ధమాడానని. పందొమ్మిదిన ఇచ్చింది సొరుగులో ఉందని.

చీపురు గోడకు ఆనించారు. నేల మీది ఆ సముద్రం వైపు చూశారు.

"అయితే ఈ పన్నెండు రోజులూ నేను ఊరికే కూకున్నానండి."

తిట్టలేదు. తిడితే పడేవాణ్ణి. నేను గుమ్మం దాటగానే తలుపు వేసుకున్నారు. గడియ పెట్టిన చప్పుడు వినిపించింది. ఏలూరు కాలువ గట్టు మీద సైకిలు ఆపుకుని ఏడ్చాను. నలభై నాలుగేళ్ల మనిషిని, పట్టపగలు.

జూన్ 25

గోడ కడగడం ఆగిపోయిందట. మస్తాన్ చెప్పాడు.

జూన్ 28

వానలు మొదలు. పై ఆఫీసు నుంచి ఏ కాగితమూ రాలేదు. ప్రమోషన్ లిస్టులో నా పేరు నాలుగోదని హెడ్ క్లర్కు రహస్యంగా చెప్పి, స్వీట్లు ఎప్పుడని అడిగాడు. నవ్వాను. నవ్వడం వచ్చింది, అదే ఆశ్చర్యం.

ఇంటికి వచ్చి కామేశ్వరికి ఆ మాట చెప్పలేదు.

జూలై 1

చెప్పేశాను. ఆవిడ బియ్యంలో రాళ్లేరుతూ, "సంతోషించమంటారా, వద్దా? అది చెప్పండి ముందు" అంది. నాకూ తెలియదన్నాను. చేట పక్కన పెట్టి నావైపు చూసింది. చాలా రోజులకు అలా చూసింది.

జూలై 4, ఆదివారం

మధ్యాహ్నం వానలో హవల్దారు గారు వచ్చారు. గేటు దాటి లోపలికి రాలేదు. గొడుగు లేదు. నేనే తడుస్తూ బయటికి వెళ్లాను.

"రేపు బందరు పోతన్నానండి, కలెక్టరు గారి దగ్గరికి. కల్నల్ దొర ఉత్తరం ఉంది. గోడ సంగతీ పునాది సంగతీ నేను చెప్తే కాపలావోడి మాటంటారు." మొహం మీది వాన తుడుచుకున్నారు. "తమర్ని రమ్మని నేనడగనండి. తొమ్మిదింటికి బస్సు."

"నా కోసం చూస్తారా?"

"చూడనండి."

వెళ్లిపోయారు. అదే నడక, అదే నిటారు.

పైఅధికారి అనుమతి లేకుండా కలెక్టరు ముందుకు వెళ్లి, నా ఆఫీసుకు వ్యతిరేకంగా నోరు విప్పితే — రూల్సు నాకు కంఠతా వచ్చు. మెమో కూడా ఇవ్వరు. సత్యనారాయణకు వచ్చిన కాగితమే.

కామేశ్వరితో అన్నాను.

"వెళితే ఏమవుతుంది?"

"ఉద్యోగం పోవచ్చు."

"వెళ్లకపోతే?"

తడిసిన చొక్కా విప్పి దండెం మీద వేశాను.

"రెండూ తెలుసుకునే చెయ్యండి. తర్వాత మజ్జిగలో ఉప్పెక్కువైందని నా మీద అరిస్తే ఊరుకోను." నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

జూలై 5, సోమవారం

ఏడున్నర. వాన తెరిపిచ్చింది. పొద్దున్నే లేచి రెండో రిపోర్టు చిత్తుప్రతి శుద్ధంగా తిరగరాశాను. మే పదినాటి తప్పు ఒప్పుకున్నది కూడా కలిపి రాశాను. కింద సంతకం పెట్టాను. 

కామేశ్వరి పెరుగన్నం డబ్బా కట్టి గుమ్మం దగ్గర పెట్టింది. ఆఫీసుకైనా అదే డబ్బా, బందరుకైనా అదే.

కాగితాలు జేబులో పెట్టుకున్నాను. తీసి బల్ల మీద పెట్టాను. మళ్లీ పెట్టుకున్నాను.

ఎనిమిదీ పది. హవల్దారు గారు ఈపాటికి బస్టాండులో నిలబడి ఉంటారు, ఆయనది మిలిటరీ టైము. నా కోసం చూడనన్నారు.

చూస్తారు.